నాన్నగారితో మూడు నిమిషాలు

ప్రశ్న: నేను పదేళ్లుగా డాలస్‌లో ఉంటున్నాను. స్టేషన్ మాస్టరుగా రిటైరైన నాన్నగారు, రెండేళ్ల క్రితం అమ్మ పోయిన నాటి నుంచి తెనాలిలో ఒంటరిగా ఉంటున్నారు. ప్రతి ఆదివారం మాకు ఉదయం తొమ్మిదింటికి ఫోన్ చేస్తాను. తిన్నారా, మందులు వేసుకున్నారా అని అడిగాక మూడు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. ‘ఉంటానమ్మా’ అని ఆయనే పెట్టేస్తారు. ఏం మాట్లాడాలి?

జవాబు: ‘తిన్నారా’ అన్న మాటను చిన్నచూపు చూడకండి, మన ఇళ్లలో ప్రేమ చాలావరకు దాని మీదే నడుస్తుంది. అయితే దానికి ‘ఆ, తిన్నాను’ తప్ప వేరే జవాబు ఉండదు కాబట్టి, తరువాతి మాటకు దారి మీరే వేయాలి. ఏం వండుకున్నారని అడిగితే వంకాయ కూర అంటారు. అమ్మ చేసినట్టు కుదిరిందా అని ఆ జవాబునే పట్టుకుని అడిగితే, బహుశా మీరిద్దరూ రెండేళ్లుగా తప్పించుకుంటున్న ప్రస్తావన అక్కడ వస్తుంది. మీ ఉత్తరంలో అమ్మగారి గురించి ఉన్నది ఒక్క ముక్క. ఫోనులోనూ అంతేనేమోనని నా అనుమానం. ఆయన బాధపడతారని మీరు, మీరు ఏడుస్తారని ఆయన ఊరుకుంటున్నట్టున్నారు.

ఆయనకు మాత్రమే తెలిసిన సంగతులు కూడా అడగండి. ఒంటి లైను మీద డ్రైవరు చేతికి టోకెను అందితే తప్ప బండి కదలని రోజుల్లో, వానపడే రాత్రి డ్యూటీ ఎలా సాగేదో చెప్పమంటే మూడు నిమిషాలు చాలవు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్ బృందం 1997లో ప్రచురించిన పరిశోధనలో, పరిచయం లేని ఇద్దరిద్దరిని జతచేసి, తేలికైన వాటితో మొదలై క్రమంగా లోతుకు వెళ్లే 36 ప్రశ్నలిచ్చి ముప్పావు గంట మాట్లాడించారు. ఊసుపోక కబుర్లు చెప్పుకున్న జంటల కంటే వీరు ఎక్కువ దగ్గరైనట్టు తేలింది. ఆ పట్టికను నాన్నగారి ముందు పరచమనడం లేదు, ఆయనకు ఇంటర్వ్యూలా ఉంటుంది. అందులో ఇద్దరూ వంతులవారీగా తమ సంగతి చెప్పుకోవడమన్నది మాత్రం మీకు పనికొస్తుంది. మీరు ‘అంతా బాగుంది’ అంటున్నంత కాలం ఆయనా అదే అంటారు. ఆఫీసులో తేలని ఒక చిక్కు చెప్పి, మీరైతే ఏం చేసేవారని అడగండి. సలహా అడిగించుకుని ఆయనకు ఎన్నాళ్లయిందో!

ఒక జాగ్రత్త చెప్పాలి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి తగ్గి, దేని మీదా ఆసక్తి లేనట్టు కనిపిస్తే అది మాటలతో సరిపోయేది కాదు. దగ్గరి బంధువులెవరినైనా తోడిచ్చి డాక్టరుకు చూపించండి. ఆయన ఫోను నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి ‘టెలీ మానస్’ ఉచిత నంబరు 14416కు చేసినా తెలుగులో మాట్లాడతారు.

ఇక వేళ సంగతి. ఎండాకాలంలో మీ ఉదయం తొమ్మిదంటే అక్కడ రాత్రి ఏడున్నర. టీవీలో వార్తలు, భోజనం, మందులు అన్నీ ఒక్కసారే ఉంటాయి. శనివారం రాత్రి ఎనిమిదింటికి చేస్తే ఆయనకు ఆదివారం ఉదయం ఆరున్నర అవుతుంది. కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చునే అలవాటుంటే, ఆ వేళకే చేయండి.