బోరు నీళ్ల తెల్ల మరకలకి బాత్రూం అంతా ఒకే యాసిడ్ వాడొచ్చా?

వద్దండి, మరక ఒకటే అయినా కింద ఉన్నది వేరు కదా. ఆ తెల్ల పొర ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, అందుకే యాసిడ్‌కి కరుగుతుంది, కానీ మార్బుల్ కూడా అదే సరుకు కాబట్టి దానిమీద నిమ్మకాయ పిండినా పాలిష్ పోయి మచ్చ పడిపోద్ది, మళ్లీ మిషన్ పెట్టించాల్సిందే. మార్బుల్‌కి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు గోరువెచ్చటి నీళ్లలో వేసి మెత్తటి గుడ్డతో తుడవడమే.

గ్లాస్ డోర్‌కి, మామూలు సిరామిక్ టైల్స్‌కి వెనిగర్ సగం నీళ్లు సగం కలిపి కొట్టి, పది నిమిషాలాగి కడిగేయండి. టైల్స్ మధ్య సిమెంట్ గీతల్ని మాత్రం ముందే తడపండి, పొడిగా ఉంటే యాసిడ్ పీల్చుకుని మెల్లగా రాలతాయి. క్రోమ్ ట్యాపులకీ ఇదే, కాకపోతే ఎక్కువసేపు ఉంచకుండా కడిగి పొడిగుడ్డ పెట్టాలి. చాలామంది వాటికి టాయిలెట్ క్లీనర్ పోస్తారు, అందులో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటే మెరుపు పోయి నల్ల మచ్చలొస్తాయి. స్టీల్ పీచు అసలే వద్దు, గీతలే గీతలు.

ఇంకోటి, బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట యాసిడ్ గానీ వెనిగర్ గానీ పొయ్యకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపేసిన చిన్న బాత్రూంలో అది మామూలు ప్రమాదం కాదు.