క్రెడిట్లు పూర్తయితే మాస్టర్స్ పట్టా వచ్చినట్టేనా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేయాలనుకుంటున్నాను. పట్టా కోసం ఒక విశ్వవిద్యాలయం 30 క్రెడిట్లు చాలంటోంది, మరొకటి 120 అంటోంది, ఇంకొకటి 180 అడుగుతోంది. ఇంత తేడా ఎందుకు? ఆ లెక్క పూర్తిచేస్తే పట్టా ఇస్తారా, థీసిస్ తప్పకుండా రాయాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు చూసిన అంకెలు మూడు వేర్వేరు కొలమానాలకు చెందినవి కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. అమెరికాలో ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాల సెమిస్టర్‌లో వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత చదువు. అక్కడి మాస్టర్స్ కోర్సులు ఎక్కువగా 30 నుంచి 36 క్రెడిట్ల మధ్య ఉంటాయి. ఐరోపా దేశాల ఉమ్మడి పద్ధతిలో ఒక క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమను లెక్కగడతారు. ఏడాదికి 60 చొప్పున రెండేళ్ల కోర్సుకు 120 అవుతాయి. బ్రిటన్‌లో ఒక క్రెడిట్‌కు పది గంటలే కాబట్టి అక్కడి ఏడాది కోర్సుకు 180 వస్తాయి.

మొత్తం క్రెడిట్లు నిండినంత మాత్రాన పట్టా రాదు. అవి ఏయే కోర్సుల నుంచి రావాలో కూడా నిబంధనల్లో ఉంటుంది. అల్గారిథమ్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు లేదా కంప్యూటర్ ఆర్కిటెక్చర్, గణన సిద్ధాంతం, కృత్రిమ మేధ వంటి విభాగాల్లో కొన్నింటి నుంచి తలా ఒక కోర్సయినా చదవాలని చాలా చోట్ల నియమం ఉంది. ఇష్టమైన మెషీన్ లర్నింగ్ కోర్సులన్నీ ముందే తీసుకొని, చివరి సెమిస్టర్‌లో సిస్టమ్స్ కోర్సు దొరకక ఆగిపోయే విద్యార్థులు ఉంటారు. కొన్ని కోర్సులను ఏడాదికి ఒక్కసారే చెబుతారన్న సంగతిని ముందుగా గమనించకపోవడమే అందుకు కారణం. అలాగే అమెరికా విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా 4కు 3.0 సగటు, అంటే బి గ్రేడ్, నిలబెట్టుకోవాలి. ఒక కోర్సులో సి వచ్చినా ఆ కోర్సు గట్టెక్కవచ్చు గానీ, సగటు పడిపోతే పట్టా ఆగుతుంది.

ఇక థీసిస్ సంగతి కొంత వివరంగా చెప్పాలి. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు థీసిస్, ప్రాజెక్టు, కేవలం కోర్సులు అనే మార్గాల్లో ఒకదాన్ని ఎంచుకోనిస్తాయి. ఐరోపాలో మాత్రం థీసిస్ దాదాపు తప్పనిసరి, దానికి తరచుగా 30 క్రెడిట్లు, అంటే ఒక పూర్తి సెమిస్టర్ కేటాయిస్తారు. బ్రిటన్‌లో 180లో 60 దాకా డిసర్టేషన్‌కు, అంటే అక్కడి మాస్టర్స్ థీసిస్‌కు, పోతాయి. థీసిస్‌కు అసలైన అర్హత మంచి గ్రేడ్లు కాదు, మిమ్మల్ని విద్యార్థిగా తీసుకోవడానికి ఒప్పుకొనే గైడ్. ఆచార్యులు ఏటా తీసుకొనే విద్యార్థులు కొద్దిమందే కాబట్టి, మొదటి సెమిస్టర్‌లోనే మీకు ఆసక్తి ఉన్న వారి కోర్సులో చేరి, వారి పరిశోధన పత్రాలు రెండు మూడు చదివి, అందులో మీకు తట్టిన ప్రశ్నతో వెళ్లి కలవండి. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే థీసిస్ వైపే మొగ్గమని నా సలహా, ఎందుకంటే జవాబు ఉందో లేదో తెలియని ప్రశ్నతో నెలల తరబడి పనిచేయగలరో లేదో అక్కడే తెలుస్తుంది. నేరుగా ఉద్యోగంలోకి వెళ్లాలనుకునేవారు కోర్సుల మార్గం ఎంచుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

ప్రశ్న: నేను గణితంలో డిగ్రీ చేశాను. కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌కు నన్ను తీసుకుంటారా?
- మరొక పాఠకుడు

జవాబు: తీసుకొనే అవకాశం ఉంది, కొన్ని షరతులతో. డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్‌లు, కంప్యూటర్ ఆర్గనైజేషన్, ఆపరేటింగ్ సిస్టమ్‌లు ముందే చదివి ఉండాలని చాలా విభాగాలు కోరతాయి. అవి లేనివారికి ప్రవేశం ఇచ్చినా, ముందు వాటిని పూర్తిచేయమంటాయి. ఆ క్రెడిట్లు సాధారణంగా మాస్టర్స్ లెక్కలోకి రావు కాబట్టి మీ చదువు ఒక సెమిస్టర్ పెరిగినా ఆశ్చర్యం లేదు. వేరే సబ్జెక్టు చదివినవారి కోసమే రూపొందించిన కన్వర్షన్ మాస్టర్స్ కోర్సులు బ్రిటన్‌లో ఉన్నాయి. డిస్క్రీట్ గణితం, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ మీకు ఇప్పటికే వచ్చి ఉంటే సగం బరువు దిగినట్టే. మిగిలింది ప్రోగ్రాములు రాసే అలవాటు. దరఖాస్తుకు ముందే ఒక భాషలో లింక్డ్ లిస్టు, హ్యాష్ టేబుల్, గ్రాఫ్ అన్వేషణ వంటివి సిద్ధంగా దొరికే కోడ్ లైబ్రరీల సాయం లేకుండా స్వయంగా రాసి చూడండి. దరఖాస్తు చేసే విభాగానికి మీరు చదివిన గణిత కోర్సుల సిలబస్‌ను కూడా పంపి, వాటిలో ఏవి తమ ముందస్తు కోర్సులకు బదులుగా చెల్లుతాయో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.