అమ్మాయి ఆస్ట్రేలియాలో అడవుల చదువంటోంది, నేనేమో డేటా సైన్స్ అంటున్నా. ఏది కరెక్ట్?

ఖమ్మం జిల్లా నుంచి ఒక నాన్నగారు రాశారు. అమ్మాయి బీఎస్సీ జువాలజీ అయిపోయింది, చిన్నప్పట్నుంచి జంతువులంటే ప్రాణం, ఆస్ట్రేలియాలో కన్జర్వేషన్ బయాలజీలో (జంతువుల్నీ అడవుల్నీ కాపాడే చదువు) మాస్టర్స్ చేస్తానని పట్టుబట్టింది. కన్సల్టెన్సీ వాళ్లేమో డేటా సైన్స్‌లో వేయండి, పీఆర్ (అక్కడే స్థిరపడే పర్మిట్) ఈజీ అంటున్నారట. జామాయిల్ తోట కొట్టించి, ఆ డబ్బుకి లోన్ కలిపి పంపుదామని ఈయన ఆలోచన. "ఫీజు, జీతం, పీఆర్ అన్నీ పోల్చి ఏది బెటరో చెప్పండి. ఆడపిల్ల అడవుల్లో తిరిగే ఉద్యోగం ఏంటని మా వాళ్లు నవ్వుతున్నారు" అని ముగించారు.

సార్, మీ అసలు ప్రశ్న ఆ చివరి లైన్లో ఉంది. ప్రతి అడ్మిషన్ సీజన్లో ఇలాంటివి నాకు బోలెడు వస్తాయి, కోర్సు పేరు మారుతుంది గానీ ఆ చివరి లైన్ మాత్రం మారదు. ఐఈఎల్టీఎస్ ఎంత రావాలి, ఎస్ఓపీ ఎలా రాయాలి లాంటివి వదిలేస్తున్నా, అవన్నీ మీ అమ్మాయి ఎప్పుడో చూసేసుకుని ఉంటుంది.

ముందు డేటా సైన్స్ సంగతి తేల్చేద్దాం. జువాలజీ చదివిన పిల్లకి కోడింగ్ మీద మనసుందో లేదో కూడా అడక్కుండా పీఆర్ ఈజీ అని చెప్పేవాళ్లు చాలామంది యూనివర్సిటీ కమిషన్ మీద బతికేవాళ్లే, మీ అమ్మాయి చేరితే వాళ్ల పని అయిపోయింది, తర్వాత ఆ పిల్ల అక్కడ ఏడ్చినా నవ్వినా వాళ్లకేం పట్టదు. పీఆర్ ఏ కోర్సుకీ గ్యారంటీ లేదు. చదువయ్యాక ఇచ్చే వర్క్ వీసాకి వయసు లిమిట్ చాలామందికి 2024 జూలైలో 50 నుంచి 35కి దించేశారు, 2025 జూలైకి స్టూడెంట్ వీసా ఫీజే 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు అయింది. మీ అమ్మాయి బయటికొచ్చేసరికి ఏ రూల్ ఉంటుందో ఈరోజు చెప్పగలనన్నవాడిని నమ్మకండి.

అలాగని అమ్మాయి మాటే రైటు అని కూడా అనను, ఎందుకంటే ఈ కన్జర్వేషన్ చదువు ఇప్పుడు పిల్లల్లో ఫ్యాషన్ అయింది, కోలాని ఎత్తుకున్న ఫోటో చూసి, పగడపు దిబ్బల మధ్య ఈదే వీడియో చూసి ఇదే నా లైఫ్ అనేసుకుంటున్నారు. అక్కడ పని అలా ఉండదు. గ్రేట్ బ్యారియర్ రీఫ్ 2,300 కిలోమీటర్ల పొడవు, నీళ్లు వేడెక్కి 2016, 2017, 2020, 2022, 2024ల్లో పెద్ద ఎత్తున పగడాలు తెల్లబారిపోయాయి. ఆ వేడి ఒక్క దేశం ఆపగలిగేది కాదు, కాబట్టి ఒడ్డున చేయగలిగింది చేస్తున్నారు, అంటే క్వీన్స్‌లాండ్ చెరకు రైతుల దగ్గర కూర్చుని యూరియా ఎంత వేస్తున్నారు, వానకి ఎంత మట్టి కొట్టుకుపోయి సముద్రంలో కలుస్తోంది అని మాట్లాడటం. ఈ పని మీ అమ్మాయికి బాగా వస్తుందేమో అనిపిస్తోంది నాకు, రైతు ఇంట్లో పుట్టింది కదా, ఎరువు తగ్గించమంటే రైతు మొహం ఎలా పెడతాడో తెలిసే ఉంటుంది.

ఇంకోటి, జంతువులంటే ప్రాణం అన్నారే, అక్కడే నాకు భయం. ఆస్ట్రేలియాలో కన్జర్వేషన్ అంటే చంపడం కూడా పెద్ద పనే సార్. 1859లో ఒక ఇంగ్లీషు దొర వేట సరదాకి విక్టోరియాలో రెండు డజన్ల కుందేళ్లు వదిలితే అవి దేశమంతా పాకాయి, నక్కల్ని కూడా వేట కోసమే తెచ్చారు, పిల్లులు సరేసరి. అక్కడి చిన్న చిన్న జంతువులకి వీటి నుంచి తప్పించుకోవడం తెలీదు, చాలా జాతులు ఏకంగా అంతరించిపోయాయి. వెస్ట్రన్ ఆస్ట్రేలియాలో 1996 నుంచి 1080 అనే విషం కలిపిన మాంసపు ఎరల్ని విమానాల్లోంచి అడవుల్లోకి జారవిడుస్తున్నారు. ఆ విషం అక్కడి కొన్ని మొక్కల్లో సహజంగానే ఉంటుంది, వాటి మధ్యే పెరిగిన స్థానిక జంతువులు చాలావరకు తట్టుకుంటాయి, బయట్నుంచి వచ్చిన నక్క చచ్చిపోతుంది. చిట్టెలుకంత జీవిని బతికించడానికి నక్కకి విషం పెట్టగలదా మీ అమ్మాయి? అది ఆమెనే అడగండి. పెట్టలేనంటే తప్పేం లేదు, వెటర్నరీ వైపు వేరే దారులున్నాయి, రెండేళ్లు, అప్పు పోసి తెలుసుకోవాల్సిన విషయం కాదది.

మన పొలం గట్ల మీద నాగజెముడు ఉంటుంది కదా, అదే జాతి అక్కడ దాదాపు 6 కోట్ల ఎకరాలు ఆక్రమించేసి రైతులు ఇళ్లూ వాకిళ్లూ వదిలి వెళ్లిపోయారు. 1926లో అర్జెంటీనా నుంచి తెచ్చిన ఒక పురుగుని వదిలితే దాని గొంగళ్లు ఏడెనిమిదేళ్లలో లోపల్నుంచి తినేశాయి, బూనార్గా అనే ఊళ్లో జనం ఆ పురుగు పేరు మీద ఏకంగా ఒక హాలు కట్టారు. అదే ఊపులో 1935లో చెరకులో పెంకు పురుగుల్ని తింటాయని కేన్ టోడ్ అనే కప్పల్ని తెచ్చి వదిలారు, అవి ఆ పురుగుల జోలికి పెద్దగా పోలేదు గానీ వాటిని తిన్న స్థానిక జంతువులు చాలా విషమెక్కి చస్తున్నాయి, ఇప్పటికీ ఆగలేదు. ఒకే రాష్ట్రం (క్వీన్స్‌లాండ్), పదేళ్ల తేడా. ఈ తేడా ఎందుకొచ్చిందో ముందే లెక్కేసి చెప్పేవాళ్లే అక్కడ కావాలి, ప్రేమ ఉన్నవాళ్లకి కొదవ లేదు.

అడవి అంటే మనుషులు లేని చోటు అనుకుని కూడా వెళ్లకూడదు. ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో ఆదివాసీలు వేల ఏళ్లుగా వానలు ఆగాక గడ్డి పూర్తిగా ఎండకముందే అక్కడక్కడా చిన్న మంటలు పెట్టి వదులుతారు, దాంతో తర్వాత ఎండలు ముదిరినప్పుడు పెద్ద కార్చిచ్చు పాకడానికి మేత ఉండదు. (మన ఏజెన్సీ పోడుతో కలిపేసుకోకండి, ఇది సాగు కోసం కాదు.) తెల్లవాళ్లు వచ్చాక ఆ మనుషులు చాలామంది ఆ నేలకి దూరమయ్యారు. 2006 నుంచి పశ్చిమ ఆర్న్‌హెమ్‌లో ఆ పాత పద్ధతినే మళ్లీ డబ్బిచ్చి చేయిస్తున్నారు, పొగ తగ్గినందుకు మొదట ఒక గ్యాస్ కంపెనీ డబ్బు కట్టింది, తర్వాత కార్బన్ క్రెడిట్లు (తగ్గించిన కాలుష్యానికి అమ్ముకునే సర్టిఫికెట్లు) వచ్చాయి. 2019-20 కార్చిచ్చుల్లో దేశంలో 2.4 కోట్ల హెక్టార్లకి పైగా కాలిపోయి 33 మంది చనిపోయాక దక్షిణాదిన కూడా ఈ మాటే వినిపిస్తోంది. ఉలూరు కొండని 1985లో అక్కడి ఆదివాసీలైన అనంగు ప్రజలకి తిరిగి ఇచ్చారు, వాళ్లు కోరినట్టే 2019 అక్టోబర్లో కొండ ఎక్కడం ఆపేశారు. ఇలాంటి చోట్ల రేంజర్ ఉద్యోగాలు ముందు ఆ నేల వాళ్లకే, అది న్యాయం కూడా. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు మామూలుగా సిటిజన్లకే. మీ అమ్మాయి కలలో ఖాకీ టోపీ ఉంటే ఇప్పుడే తీసి పక్కన పెట్టమనండి.

మరి బయట్నుంచి వెళ్లినవాళ్లకి ఏముంటుంది? ఎక్కువగా కన్సల్టింగ్ కంపెనీలు. గని తవ్వాలన్నా రోడ్డు వేయాలన్నా ముందు అక్కడ ఏ మొక్కలున్నాయి, ఏ జంతువులున్నాయి అని సర్వే చేయాలి. రాత్రి టార్చ్ పట్టుకుని చెట్లమీద మెరిసే కళ్లు వెతకడం, తొర్రలు లెక్కపెట్టడం, తర్వాత వారాల తరబడి రిపోర్టు. జీతం ఇచ్చేది చెట్లు కొట్టేవాడే, ఇది మింగుడుపడక చాలామంది మానేస్తారు. 2020 మేలో వెస్ట్రన్ ఆస్ట్రేలియాలో జూకన్ గార్జ్ అనే చోట 46,000 ఏళ్ల మనుషుల ఆనవాళ్లున్న రాతి గుహల్ని ఇనుప గని కోసం పేల్చేశారు, పర్మిషన్లన్నీ పక్కాగా ఉన్నాయి, అవెంత ముఖ్యమో చెప్పే రిపోర్టులూ ఉన్నాయి. కంపెనీ సీఈఓ దిగిపోయాడు గానీ గుహలు తిరిగి రాలేదు.

పోల్చమన్నారు కాబట్టి, మొదటి జీతం ఐటీలో ఎక్కువ, దీంట్లో తక్కువ, కాంట్రాక్టులు, సిటీకి దూరం. ఐటీలో మీ అమ్మాయితో పోటీ పడేవాళ్లు మాత్రం మన ఊళ్లనుంచే విమానాలు నిండా దిగుతున్నారు. నేనైతే రెంటినీ కలుపుతా. కన్జర్వేషన్ కోర్సే, కానీ జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల పని), శాటిలైట్ ఫోటోలు, స్టాటిస్టిక్స్ గట్టిగా ఉన్నది. ఉత్తరాన ఏ మంట ఎంత మేర కాలిందో శాటిలైట్ ఫోటోల మీదే గీస్తారు, కెమెరా ట్రాపుల్లో (జంతువు కదలగానే తనంతట తనే ఫోటో తీసే కెమెరాలు) పడ్డ లక్షల ఫోటోలు ఎవరో ఒకరు జల్లెడ పట్టాలి. ఈలోపు ఇక్కడే గేర్ల బండి బాగా నడపడం నేర్పించండి, ఫీల్డు ఉద్యోగాల్లో దాన్ని చాలాచోట్ల అడుగుతారు. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) ఎమ్మెస్సీ కోర్సులు చూశారా? హైదరాబాద్ లాకోన్స్‌లో (అంతరించిపోతున్న జంతువుల పరిశోధన ల్యాబ్) కొన్నాళ్లు ప్రాజెక్టు దొరుకుతుందేమో అడిగారా? ములుగు ఫారెస్ట్ కాలేజీకి (సిద్దిపేట ములుగు, మేడారం వైపుది కాదు) తీసుకెళ్లి ఒక్క సీనియర్‌తోనైనా మాట్లాడించారా? ఇవేవీ చేయకుండా తోట నరికిద్దామనుకున్నారు. కోపం వచ్చినా పర్లేదు, ఇది తొందరపాటు సార్.

ఆడపిల్ల భయం గురించి. అక్కడ ఫీల్డుకి మామూలుగా ఒక్కళ్లనే పంపరు, శాటిలైట్ ఫోన్ ఇస్తారు, సాయంత్రం చెప్పిన టైముకి కాల్ రాకపోతే వెతకడం మొదలెడతారు. సిడ్నీలో రాత్రి షిఫ్టు చేసి రెండు రైళ్లు మారి రూముకొచ్చే పిల్లకి ఆ పాటి ఏర్పాటు కూడా ఉండదు, కానీ ఐటీ స్టూడెంట్ కాబట్టి దాని గురించి మీరెవరూ నాకు రాయరు. ఇక నవ్వే బంధువులంటారా, లోన్ ఈఎంఐ వాళ్లేమైనా కడతారా? మీ అమ్మాయి ఇష్టాన్ని ఇన్నాళ్లూ ఎవరి మాటా వినకుండా పెరగనిచ్చింది మీరే, ఆ పని బాగా చేశారు, ఇప్పుడు వాళ్ల మొహాలు చూసి వెనక్కి లాగకండి.

పై నక్క ప్రశ్న ఆమె ముందు పెట్టండి, తర్వాత మూడు యూనివర్సిటీల సిలబస్‌లు తీసి జీఐఎస్, ఫీల్డ్ యూనిట్లు ఎన్నున్నాయో ఆమెనే మార్క్ చేసి నాకు పంపమనండి, కన్సల్టెన్సీ వాడిని కాదు. ఫిబ్రవరి ఇన్‌టేక్ దాటిపోతే జూలైది ఉంది. అప్పటిదాకా జామాయిల్ కొనేవాడి దగ్గర అడ్వాన్స్ తీసుకోకండి.