లారీ డ్రైవర్లకు గుర్తింపు దేనికంటే: ఒక కడప బండల లోడు లెక్క

మీరడిగింది ఇదీ: లారీలు ఘాట్‌లో దారివ్వవు, రోడ్లు పాడు చేస్తాయి, అలాంటిది ఆ డ్రైవర్లకు ప్రత్యేకంగా గుర్తింపు దేనికి? సిమెంటు, చీనీకాయలు, అరటి, ఉల్లి అన్నీ లారీల మీదే పోతాయని అందరికీ తెలుసు, ఆ మాట వదిలేద్దాం. ఎర్రగుంట్ల వైపు ఒక బండల లోడు ఎక్కే దగ్గర్నుంచి దిగేదాకా ఏం జరుగుతుందో రాస్తాను. అందులో దేనికి డబ్బు ముడుతుందో మీరే చూడండి.

ముందు బరువు. 20 ఎంఎం మందం బండ చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. పది టైర్ల లారీకి బండితో కలిపి 28 టన్నుల పరిమితి అనుకుంటే, బండి బరువు పోను సరుకుకు మిగిలేది 18 టన్నుల చిల్లర. అంటే 3,600 అడుగులు. చిక్కెక్కడంటే, 20 అని చెప్పిన బండ 25 వస్తుంది. అడుగులు అవే, బిల్లు అదే, బరువు మాత్రం 22 టన్నులు దాటుతుంది. కాటా (లారీని తూచే వేబ్రిడ్జి) ఎక్కితే గానీ బయటపడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000. చలానా పడేది లారీ నంబరు మీద. మందం తప్పు చెప్పినాయన అప్పుడు ఫోనెత్తడు. అందుకే పని తెలిసిన డ్రైవరు ఎక్కించక ముందే టేపు తీసి నాలుగైదు బండల అంచు కొలుస్తాడు. ఎక్కించాక దించమంటే హమాలీలు మళ్లీ కూలి అడుగుతారు, అదీ న్యాయమే.

బండల్ని పడుకోబెట్టి పేరిస్తే కుదుపులకు మధ్యలో విరుగుతాయి. రాయి నొక్కుడుకు తట్టుకుంటుంది గానీ వంపుకు తట్టుకోదు. కింద వరిగడ్డి పరిచి, అంచు మీద నిలబెట్టి, రెండు పక్కల నుంచీ మధ్యకు కొంచెం వాల్చి పేర్చాలి. ముందు భాగంలో జానెడు సందు మిగిలినా సడన్ బ్రేకుకు వరుస వరుసంతా క్యాబిన్ మీదికి జరుగుతుంది. బిగించిన మోకు ఇరవై ముప్పై కిలోమీటర్లకే వదులవుతుంది, గడ్డి అణుగుతుంది కాబట్టి. అక్కడ ఆపి మళ్లీ బిగించాల్సిందే. దించేటప్పుడు ఇంకా ప్రమాదం. ఒక పక్కవే తీసుకుంటూ పోతే రెండో వరుసకు ఆనుడు పోయి మనిషి మీద పడుతుంది. అటు నాలుగు, ఇటు నాలుగు తీయాలి. బండలకూ బాడీ పలకకూ మధ్య ఎవరూ నిలబడకూడదు.

కాగితాలది ఇంకో గోల. ఈ-వే బిల్లు, అంటే సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ ఆన్‌లైన్ కాగితం, దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. లోడు పూర్తి కాకుండానే లారీ నంబరు ఎక్కించేస్తే గడువు అక్కడే మొదలవుతుంది, బండి మాత్రం కదలదు. దారిలో చెడిపోయి ఆగితే గడువు పెంచుకోవచ్చు గానీ, అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల లోపే.

ఇక ఘాట్ సంగతి. తిరుగు లోడుతో రాయచోటి నుంచి కడపకు దిగే బండి ఘాట్ మొదలయ్యే ముందు గువ్వలచెరువు దగ్గర ఆగుతుంది. మీరు పాలకోవా కొనుక్కునే చోట డ్రైవరో క్లీనరో ఇనుప రాడ్డుతో టైర్లు కొట్టుకుంటూ తిరుగుతుంటే గమనించండి. గాలి నిండిన టైరు ఖంగుమంటుంది, దిగిన టైరు దబ్‌మంటుంది. వెనక జంట టైర్లలో లోపలిది దిగినా కంటికి కనబడదు. బరువంతా బయటి దాని మీద పడి, రెండూ రాసుకుని, వేడెక్కి పేలుతాయి. తర్వాత హబ్‌ల (చక్రం నడిమి భాగం) దగ్గర చెయ్యి పెట్టి చూస్తారు. అన్నిటిలో ఒక్కటే కాలుతుంటే ఆ బ్రేకు పట్టేసిందని అర్థం.

దిగేటప్పుడు, ఆ ఘాట్ ఎక్కడానికి ఏ గేరు కావాలో అదే గేరులో దిగాలి. ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించేది) వేసి ఉంచి, కాలి బ్రేకు గట్టిగా కాసేపు తొక్కి వదిలేయాలి. కాలు దాని మీదే ఉంచితే చక్రంలోని బ్రేకు డ్రమ్ము వేడికి వ్యాకోచించి, దాన్ని పట్టే లైనర్‌కు దూరమవుతుంది, తొక్కినా పట్టదు. అదే పనిగా తొక్కి వదులుతున్నా బ్రేకులకు గాలినిచ్చే ట్యాంకు ఖాళీ అవుతుంది, బజర్ మోగుతుంది. చారెడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లూ లేకపోలేదు, అది శుద్ధ తప్పు. 28 టన్నులతో మలుపులో గంటకు 15-20 కిలోమీటర్ల వేగమే సరైనది. మీకు దారివ్వనట్టు కనబడేది అదే. ముందున్న బండికీ తనకూ మధ్య అతను వదిలిన ఖాళీ బ్రేకు పట్టడానికి వదిలింది. అందులోకి కారు దూర్చకండి.

ఇప్పుడు డబ్బు. బత్తా ట్రిప్పుకింత అని ఇస్తారు. క్వారీలో లోడు కోసం పడిగాపులు, గోడౌన్ గేటు ముందు రెండు రోజులు, వీటికి చాలాచోట్ల పైసా రాదు. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 అని రాసింది, కానీ అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే. ఒకటి రెండు లారీలున్న ఓనరు దగ్గర పనిచేసే డ్రైవరు దాని కిందికే రాలేదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు, మంచిదే. పాత బండ్లలో తిరిగేవాళ్లకు అనంతపురం ఏప్రిల్ ఎండ మామూలే.

కాబట్టి గుర్తింపు అంటే డ్రైవర్స్ డే నాడు శాలువా కప్పడమేనంటే నేను ఒప్పుకోను. సరుకు పంపేవాళ్లు, దించుకునేవాళ్లు చేయాల్సింది చాలా చిన్నది. లారీ గేటుకు వచ్చిన టైము, లోడు దిగిన టైము రెండూ బిల్టీ (లారీ సరుకు రసీదు) కాపీ మీద రాసి స్టాంపు వేయాలి. ఎన్ని గంటలు దాటితే హాల్టింగ్ (ఆగినందుకు ఇచ్చే డబ్బు), రోజుకెంత, అందులో డ్రైవరుకెంత అన్నది బాడుగ మాట్లాడేటప్పుడే తేల్చుకోవాలి. స్టాంపు వేయనంటే గేటు బోర్డు, బండి నంబరు కలిసి పడేలా ఫోటో తీసి అప్పటికప్పుడే బ్రోకరుకు వాట్సాప్ పెట్టమని డ్రైవరుకు చెప్పండి. మెసేజ్ మీద టైము దానంతటదే పడుతుంది, తర్వాత మిగతా బాడుగ తీసుకునే దగ్గర వాదన ఉండదు. గోడౌన్ లోపలున్న బాత్రూమ్ తాళం సెక్యూరిటీ దగ్గర ఉంచి, లారీవాళ్లకు ఇవ్వమని చెప్పడానికి ఖర్చేమీ కాదు.