కువైట్ నుంచి వచ్చాక ప్రార్థన నోట రావడం లేదు

ప్రశ్న: తొమ్మిదేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి, నిరుడు రాజోలు దగ్గర మా ఊరు వచ్చేశాను. పంపిన డబ్బులో సగం మా ఆయన చేతిలో ఎటు పోయిందో లెక్క లేదు. పదహారేళ్ళ కూతురు మా అత్తగారినే అమ్మా అంటుంది. చిన్నప్పటి నుంచీ మా క్రైస్తవ గుడికి వెళ్ళేదాన్ని. ఇప్పుడు మోకరిస్తే కోపం తప్ప మాట రాదు. ఏడు నెలలుగా ప్రభు బల్లకు, అంటే గుడిలో అందరితో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, దూరంగా ఉంటున్నాను. 21 రోజులు ఉపవాసముండి మళ్ళీ బాప్తిస్మం తీసుకుంటే ఆత్మ నూతనమవుతుందని ఒకరన్నారు. నాకు షుగరు, మాత్రలు వాడుతున్నాను. ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, ముందు ఉపవాసం సంగతి. అది ప్రాణం మీదికి తెస్తుంది. షుగరు మాత్రల్లో కొన్ని, గ్లిమెపిరైడ్ లాంటివి, మీరు తిన్నా తినకపోయినా చక్కెరను దించుతూనే ఉంటాయి. అది 70కి దిగువన పడితే చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. ఇంకా దిగితే స్పృహ పోతుంది. కూటంలో అలా పడిపోతే ఆత్మ దిగిందనుకుని చుట్టూ చేరి ప్రార్థన చేసేవాళ్ళుంటారు. మనిషి తెలివిలో ఉంటే అప్పటికప్పుడు ఇవ్వాల్సింది మూడు చిన్న చెంచాల పంచదార కలిపిన నీళ్ళు. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోను చెయ్యాలి. డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా తిండి మానకండి. ఉపవాసం దేవుడికి కట్టే ఫీజు కాదు. సాయంత్రం రెండు గంటలు ఫోను పక్కన పెట్టినా అది ఉపవాసమే.

మొదటి రాజులు 19లో ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని చావు కోరుకున్నాడు. దేవుడు మందలించలేదు. నిద్ర పోనిచ్చి, కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్ళు పెట్టించాడు, అదీ రెండుసార్లు. హోరేబు కొండ ప్రయాణం ఆ తర్వాత. తొమ్మిదేళ్ళు ఒకరింట్లో పని చేసి వచ్చిన ఒంటికి ముందు కావలసింది కూడా అదే. మీ ఎండిపోయినతనమంతా పాపం కాదు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేకపోయినా, చచ్చిపోతే బాగుండుననిపించినా అది జబ్బు. మానసిక వైద్యుడికి చూపించుకోండి. టెలీ మానస్ 14416కి ఫోను చేస్తే తెలుగులోనే, డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు.

ఇక ప్రార్థన. మాట రానప్పుడు సొంత మాట కోసం వెతుక్కోకండి, కీర్తన 13 అందుకోండి. ఆరు వచనాలే. మొదటి రెండింటిలో దావీదు ఇంకా ఎన్నాళ్ళని దేవుణ్ణి నాలుగుసార్లు అడుగుతాడు. తెల్లవారి పొయ్యి వెలిగించకముందు పైకి చదవండి. రెండో వచనం దగ్గర ఆగి మీ ‘ఎన్నాళ్ళు’ కూడా చెప్పండి, పేర్లతో, డబ్బు లెక్కతో సహా. మిగతా నాలుగూ మనసు ఒప్పకపోయినా చదివేసి లేవండి. పది నిమిషాలు చాలు. మొదటి రోజే గంట కూర్చునేవాళ్ళు నాలుగో రోజుకి మానేస్తారు. అక్కణ్ణుంచి నేను వేషధారినన్న నింద ఒకటి మొదలవుతుంది. రెండో కొరింథీయులకు 4:16లో పౌలు లోపలి మనిషి నూతనమయ్యేది దినదినమూ అంటాడు. ఒక్క కూటంలో అని కాదు.

కోపం వచ్చిందని భయపడకండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే అడుగున ఏముందో బయటపడుతుంది. ఆ రోజుల్లో పూడిక తియ్యకపోతే జూన్‌లో నీళ్ళు వదిలినా శివారు చేలకి అందవు.

మళ్ళీ బాప్తిస్మం అక్కర్లేదు. విశ్వసించి తీసుకున్నది మనసు ఎండినంత మాత్రాన చెల్లకుండా పోదు. ప్రభు బల్ల మాటకొస్తే, నరసాపురం వైపు బ్రదరన్ సంఘాల్లో, 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన బౌడెన్, బీర్‌ల నాటి పరంపరలో, రొట్టె విరవడం ప్రతి ఆదివారం ఉంటుంది. కొన్ని సంఘాల్లో నెలకోసారి. మీది ఏ సంఘమైనా మొదటి కొరింథీయులకు 11:28 చెప్పేది ఒకటే: పరీక్షించుకుని తినమని. పరీక్షించుకుని ఇంట్లో ఉండిపొమ్మని కాదు. ఎవరైనా సాక్ష్యం చెప్పమంటే ఇప్పుడు కాదనండి. పాస్టరమ్మగారి లాంటి నోరు కట్టుకోగల ఒక్క పెద్దామెకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మీవారిని క్షమించడం వేరు, పాసుపుస్తకం ఆయన చేతికివ్వడం వేరు. చాలామంది ఆడవాళ్ళకి ఈ రెండూ ఒకటేనని నేర్పారు, అది తప్పు. బ్యాంకు స్లిప్పులు చూసి ఒక నోటుపుస్తకంలో ఏ ఏడు ఎంత పంపారో, దేనికి పంపారో రాయండి. ఇద్దరూ గౌరవించే ఒక పెద్దమనిషి ముందు, అరవకుండా, ఆ పుస్తకం తెరిచి అడగండి. లూకా 19లో జక్కయ్య మారినప్పుడు ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆయన నెలకు వెయ్యి చొప్పున తీరుస్తానన్నా అది మొదలు. ఇకమీద మీ సంపాదన మీ పేరున వేరే ఖాతాలో ఉండాలి.

అమ్మాయి సంగతి మెల్లగా. మీరు వెళ్ళేనాటికి దానికి ఆరేళ్ళు. అమ్మా అనమని అడగకండి, అత్తగారి మీద ఒక్క మాట జారకండి. దాని ఎదుటే ఆవిడతో ‘నా బిడ్డని మీరు పెంచారు’ అనండి. మీకు కష్టమే, అయినా అనండి. ఆదివారం గుడికి వెళ్ళేముందు తలకి నూనె రాసి జడ వెయ్యనా అని అడగండి. వద్దంటే ఊరుకుని మళ్ళీ వారం అడగండి.