అన్నం పళ్లెం దగ్గర రక్షణ మాట ఎత్తకండి

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. ఐదు తరాలుగా విశ్వాసులం. మావారి ముత్తాతను చంకనెత్తుకునే వాళ్ల అమ్మానాన్నలు గుండ్లకమ్మ రేవుకు వెళ్లి బాప్తిస్మం తీసుకున్నారని ఇంట్లో చెప్పుకుంటాం. మావారు సంఘ పెద్ద. మా అబ్బాయికి ఇరవై ఆరేళ్లు, హైదరాబాదులో ఉద్యోగం. సండే స్కూలులో వాక్యాలు కంఠతా చెప్పినవాడు, పదిహేనో ఏట బాప్తిస్మం పొందినవాడు, ఇప్పుడు మందిరం గడప తొక్కడం లేదు. పోయిన క్రిస్మస్‌కు వచ్చినప్పుడు భోజనం దగ్గర ప్రభువును నమ్మి పాపాల నుంచి రక్షణ పొందే మాట వస్తే 'నాకు రక్షణ అక్కర్లేదు' అన్నాడు. 'అయితే నా ఇంట్లో అన్నమూ అక్కర్లేదు' అన్నారు మావారు. వాడు పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. నాతో ఫోనులో మాట్లాడతాడు గానీ ఇంటికి రావడం లేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో వాడి పేరు పెట్టిస్తున్నాను. భక్తిగల పిల్లను చూసి పెళ్లి చేస్తే దారికొస్తాడని అందరూ అంటున్నారు. చేయమంటారా? అసలు వాడు దేవుణ్ణి ఎందుకు వదిలేశాడు?

జవాబు:

అమ్మా,

ముందు పెళ్లి సంగతి తేల్చేద్దాం. ఆ పని చేయకండి. తన కాపురం తాను చేసుకోవడానికి వచ్చే ఆడపిల్లను మామగారి పంతం నెగ్గించే పనికి వాడుకోవడం అన్యాయం. అబ్బాయి మనసులో ఏముందో దాచిపెట్టి భక్తిపరుల ఇంటి సంబంధం కుదుర్చుకోవడం అంతకంటే పెద్ద అన్యాయం.

ఇక దేవుణ్ణి ఎందుకు వదిలేశాడన్న ప్రశ్న. నేనూ విశ్వాసినే. కన్నబిడ్డ ఆత్మ ఏమవుతుందోనని తల్లి పడే భయం ఎలాంటిదో నాకు తెలుసు, దాన్ని తేలిక చేసి మాట్లాడను. అయితే ఇంత పెద్ద ఉత్తరంలో మీ అబ్బాయి దేవుడి గురించి అన్న మాట ఆ క్రిస్మస్ నాటి ఒక్కటి తప్ప నాకు కనిపించలేదు. కనిపించినవన్నీ తండ్రికీ అతడికీ మధ్య జరిగినవి. వాటిని మీరు 'ఇవి చిన్న విషయాలే' అంటూ చివరి పేజీలో రాశారు. నాకు మాత్రం ఉత్తరమంతా ఆ పేజీలోనే ఉన్నట్టు అనిపించింది.

అతడు ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల్లో తప్పినప్పుడు, ఆదివారం ఆరాధనలో మీవారు మైకు తీసుకుని, కొడుకు ఎవరో అమ్మాయితో ఫోనులో మాట్లాడుతున్నాడనీ, అందుకే తప్పాడనీ, వాడి పాపపు తలంపులు తొలగిపోయేలా సంఘమంతా ప్రార్థించాలనీ విన్నపం పెట్టారు. తోటి కుర్రాళ్ల మధ్య చాప మీద కూర్చున్న పదహారేళ్ల పిల్లవాడు ఆరాధన ముగిసేవరకూ తలెత్తలేదని మీరే రాశారు. జరిగింది ప్రార్థన పేరుతో కాబట్టి, దాన్ని అవమానం అనడానికి అక్కడ ఎవరికీ నోరు రాలేదు. తండ్రి ఇంట్లో తిట్టి ఉంటే పిల్లవాడు నాలుగు రోజులు ముఖం ముడుచుకుని మరిచిపోయేవాడు. దేవుడి సన్నిధిలో, దేవుడి పేరు చెప్పి, పదిమందిలో పరువు తీస్తే ఆ గాయం దేవుడి పేరుతోనే గుర్తుండిపోతుంది. ఆ తరువాత మందిరంలో మైకు చప్పుడు విన్నప్పుడల్లా అతడి ఒంట్లో ఏమవుతుందో మీరు ఊహించగలరు.

రెండోది ఇంజినీరింగు సీటు నాటిది. దరఖాస్తులో మతం అన్నచోట హిందువు అని రాయమని తండ్రి చెబితే అతడు రాశాడు. ఆ వారంలోనే ఇంటి కూటంలో మీవారు, యేసు శిష్యుడు పేతురు ప్రభువును ఎరుగనని ముమ్మారు బొంకిన సంగతి తీసుకుని వాక్యం చెప్పారు. అందరూ వెళ్లాక 'మన మూడో బొంకు ఎప్పుడు నాన్నా?' అని అబ్బాయి అడిగాడు. ఆయన చెంప మీద కొట్టారు.

ఆ కాగితం విషయంలో నేను మీ కుటుంబాన్ని తప్పుపట్టను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు గానీ, క్రైస్తవులను మాత్రం బయటే ఉంచారు. ఎస్సీల నుంచి క్రైస్తవులైన వారిని మన దగ్గర వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ అనే విభాగంలో చేర్చి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. యేసును నమ్ముకున్నంత మాత్రాన ఊరు మిమ్మల్ని చూసే చూపు మారలేదు, పల్లె ఊరి మధ్యకు జరగలేదు, మారవలసి వచ్చింది కాగితమే. అందుకే పిల్లల చదువు కోసం ఎన్నో ఇళ్లలో సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం ఒక మతం. ఆ భారం చట్టం మోపినదే. కానీ దాన్ని ఎందుకు మోస్తున్నామో పిల్లలను కూర్చోబెట్టి చెప్పే తల్లిదండ్రులు చాలా తక్కువ. 'నాకూ మనసు ఒప్పుకోలేదురా, నీ చదువు ఆగిపోతుందని భయపడ్డాను' అని ఆ రాత్రి మీవారు చెప్పి ఉంటే, తండ్రి కూడా పేతురులాంటి మనిషేనని ఆ పిల్లవాడికి అర్థమయ్యేది. అడిగింది నిజమైన ప్రశ్న, దానికి దొరికింది దెబ్బ. విశ్వాసానికి దూరమైన యువతీయువకులు నాకు రాసే ఉత్తరాల్లో ఇదే ఎక్కువగా చూస్తుంటాను. వాళ్లను బయటికి నడిపించింది సందేహం కాదు, సందేహం చెప్పుకుంటే ఇంట్లో ఎదురైన శిక్ష.

వేరే కారణాలతో వెళ్లిపోయేవారూ ఉంటారు. పెళ్లి సంబంధాల దగ్గర కులం చూసే సంఘాన్ని చూసి మనసు విరిగినవారు, కానుక వేస్తే జబ్బు నయమవుతుందన్న మాట నమ్మి చివరికి మనిషిని పోగొట్టుకున్నవారు, ఎవరి మీదా కోపం లేకుండానే చదివి, ఆలోచించి, నమ్మలేకపోతున్నామని తేల్చుకున్నవారు. మీ అబ్బాయి ఈ చివరి రకం కూడా కావచ్చు. తండ్రి మీద కోపం చల్లారాక కూడా అతడు మందిరానికి రాకపోవచ్చు. దానికి మీరు సిద్ధపడాలి. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వని బాప్టిస్టు సంప్రదాయం మీది. తెలిసి, ఒప్పుకుని, నోటితో చెప్పినవారికే ఇస్తారు. అవునని చెప్పగలిగే వయసు వచ్చినవాడికి కాదని చెప్పే వయసూ వచ్చినట్టే. సంఘ పెద్ద కొడుకు కాబట్టి ఆ ఏటి జాబితాలో మొదటి పేరు వాడిదే ఉండాలని మీవారు పట్టుబట్టారని రాశారు. ఆ 'అవును'లో కొడుకుది ఎంత, తండ్రిది ఎంత అన్నది మీ ఇద్దరూ ఆలోచించవలసిన విషయం.

ఇప్పుడు ఆ క్రిస్మస్ భోజనం గురించి. నాకు అన్నిటికంటే కష్టం కలిగించింది అదే. మీవారు గర్వంగా చెప్పుకునే గుండ్లకమ్మ బాప్తిస్మాల కథను ఆయన పూర్తిగా గుర్తుచేసుకోవాలి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత దూరం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించారు. ఆ కరువు సాయం నడిచినన్నాళ్లూ, అడిగినవారికి కూడా ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. కూటికోసం క్రీస్తు దగ్గరికి రాకూడదని ఆయన పట్టుదల. ఆ సాయం ముగిశాకే 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది ఆ నీటిలో దిగారు. అన్నానికీ విశ్వాసానికీ ముడి పెట్టకూడదన్న నియమం మీద నిలబడిన సంఘం మీది. అలాంటి ఇంట్లో, నమ్మనివాడికి అన్నం లేదని తండ్రి కొడుకుతో అనడం నన్ను చాలా బాధపెట్టింది. మీవారికి ఇష్టమైన పేతురు కథనే చివరిదాకా చదివినా ఇదే కనిపిస్తుంది. బొంకినవాడి కోసం ప్రభువు ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టి, భోజనమైన తరువాతే 'నన్ను ప్రేమిస్తున్నావా?' అని అడిగాడు.

మీరు చేయవలసినవి చెబుతాను. శుక్రవారం ప్రార్థనలో అబ్బాయి పేరు పెట్టించడం ఈ వారం నుంచే ఆపండి. పదహారేళ్లప్పుడు మైకులో జరిగిందే అతడు ఊళ్లో లేకుండా మళ్లీ జరుగుతోంది, ఆ మాట హైదరాబాదు చేరకుండా ఉండదు. మీ గదిలో తలుపు వేసుకుని ఎంతసేపైనా ప్రార్థించండి. తండ్రి మాట కొడుక్కీ, కొడుకు మాట తండ్రికీ చేరవేయడం కూడా మానండి. మీరు మధ్యలో ఉన్నంతకాలం వాళ్లిద్దరికీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన అవసరం రాదు.

మీవారితో మాత్రం మీరు నేరుగా మాట్లాడాలి. ఇది మీకు అన్నిటికంటే కష్టమైన పని, మీ ఉత్తరమంతటా ఆయన మాటకు ఎదురు చెప్పిన సందర్భం ఒక్కటీ లేదు. ఆ క్రిస్మస్ రోజు గరిటె మీ చేతిలో ఉంది, ఆ అన్నం వండింది మీరు, అది ఆయన ఇల్లు ఎంతో మీ ఇల్లూ అంతే. భర్త మాట కాదనకపోవడమే భక్తి అని మీకు ఎవరు నేర్పారో గానీ, బిడ్డ ఎంగిలి చేతితో గడప దాటుతున్నప్పుడు మౌనంగా ఉండమని ఏ వాక్యమూ చెప్పదు. ఆయనే ఫోను చేయాలి. మైకులో అన్నమాటకూ, కొట్టిన దెబ్బకూ, భోజనం దగ్గర నుంచి లేపినందుకూ క్షమాపణ అడగాలి. ఆ ఫోనులో మందిరం మాట రాకూడదు. తండ్రి కొడుకును క్షమాపణ అడగడమేమిటని ఆయన అంటే ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం తీసి ఇవ్వండి. పిల్లలు తల్లిదండ్రులకు విధేయులై ఉండాలన్న మొదటి వచనం ఆయనకు కంఠతా వచ్చి ఉంటుంది. పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులకు చెప్పిన నాలుగో వచనం కూడా ఆ పుటలోనే ఉంది.

అబ్బాయికీ ఒక మాట చెప్పండి. నమ్మకపోవడం అతడి ఇష్టం. ఇంటికి రాకపోవడం, పండుగ పూట తల్లిని ఏడిపించడం ఆ ఇష్టంలో భాగం కాదు. తండ్రి ఫోను చేస్తే ఎత్తాలి, ఆయన మాటలు తడబడితే ఓర్చుకోవాలి.

అతడు వచ్చిన ఆదివారం మీరిద్దరూ ఎప్పటిలాగే మందిరానికి వెళ్లి రండి. వస్తావా అని అడగకండి. ఈ జవాబు మీవారికి చదివి వినిపించండి. ఆయనకు కోపం వస్తే నాకే రాయమనండి, ఆయనకూ జవాబిస్తాను.