బయటే కూర్చున్న తల్లిని ఒక్క మాట అడగలేదు

ప్రశ్న: మేం మెహిదీపట్నంలో ఉంటాం. మా బాబుకు ఐదేళ్లు. రాత్రిళ్లు నోరు తెరిచి పడుకుంటాడు, గురక పెడతాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తే ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండ పెరిగింది, తీసేయాలన్నారు. ‘చిన్న ఆపరేషనే, సాయంత్రానికి ఇంటికి పంపేస్తాం’ అన్నారు. మావారు ఉద్యోగం మీద కరీంనగర్‌లో ఉంటారు. ఉదయం ఏడింటికి ఓటీ (ఆపరేషన్ థియేటర్) తలుపు దగ్గర నర్సు ఇచ్చిన కాగితాల మీద నేనే సంతకాలు పెట్టాను. రాత్రి నుంచి ఏమీ తినని పిల్లాడు చంకలో ఏడుస్తున్నాడు, ఒక్క ముక్క చదవలేదు. గంటన్నర తర్వాత డాక్టరు గారు బయటికొచ్చి ‘టాన్సిల్స్ కూడా తీసేశాం’ అన్నారు. ప్యాకేజీ 55 వేలన్నది బిల్లు 78 వేలయింది. ఇప్పుడు బాబు బాగానే ఉన్నాడు గానీ, పది రోజులు మంచినీళ్లు మింగాలన్నా ఏడ్చాడు. కేస్ షీట్ అడిగితే ‘తండ్రి వస్తేనే ఇస్తాం’ అంటున్నారు. ఎందుకు సంతకం పెట్టావని అత్తగారు రోజూ దెప్పుతున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాటకు జవాబు చెబుతాను. ఆపరేషన్ కంటే ఆ మాటే మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టినట్టు కనిపిస్తోంది.

మీరు సంతకం పెట్టడంలో తప్పేమీ లేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు వాళ్ల మేలు కోరి చేసే వైద్యానికి సంరక్షకుల అంగీకారం చాలని భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ చెబుతుంది. పాత ఐపీసీలో ఇదే 89వ సెక్షన్. మైనర్ల విషయంలో తల్లిదండ్రుల దగ్గర గానీ సంరక్షకుల దగ్గర గానీ రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. తండ్రే కావాలని ఎక్కడా లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ (మైనర్ల సంరక్షణ) చట్టంలో ‘తండ్రి, ఆయన తర్వాత తల్లి’ అని ఉన్నమాట నిజమే. ఆ ‘తర్వాత’ అంటే తండ్రి పోయాక అని కాదు, ఆయన అందుబాటులో లేనప్పుడు కూడా అని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఉదయం ఏడింటికి కరీంనగర్‌లో ఉన్న మనిషి మెహిదీపట్నంలో ఉన్న పిల్లాడికి అందుబాటులో ఉన్నట్టా? పైగా ఆపరేషన్‌కు మీ సంతకం సరిపోయిన ఆసుపత్రికి, కేస్ షీట్ ఇవ్వడానికి మాత్రం సరిపోకపోవడం నాకు నవ్వు తెప్పిస్తోంది.

ఇక అసలు సంగతి. అడినాయిడ్స్‌కు ఒప్పుకుంటే టాన్సిల్స్‌కు కూడా ఒప్పుకున్నట్టేనా? కాదు. 2008లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన సమీరా కోహ్లీ కేసు చూడండి. ఢిల్లీలో 44 ఏళ్ల మహిళ నెలసరి ఇబ్బందితో డాక్టరు దగ్గరికి వెళ్లారు. లోపల ఏముందో చూసే ల్యాప్రోస్కోపీకి సంతకం చేశారు. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని అడిగి, గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కు చెల్లదని కోర్టు చెప్పింది. అలా చేయడం వల్ల ఖర్చు తగ్గింది, టైం కలిసొచ్చింది, రోగికి మేలే జరిగింది అన్న వాదనలు కూడా పనికిరావంది. ప్రాణం పోయేంత లేదా ఆరోగ్యం దెబ్బతినేంత ప్రమాదం ఉండి, ఆగడానికి వీల్లేనప్పుడు మాత్రమే మినహాయింపు.

ఆ కేసులో తల్లిని అడిగారు, కానీ అడగాల్సింది ఆమెను కాదు. మీ విషయంలో అడగాల్సింది తల్లినే, ఆవిడ తలుపు బయటే కూర్చుని ఉంది, అడగలేదు. టాన్సిల్స్ కడుపులో ఎక్కడో దాగి ఉండేవి కూడా కావు. ఓపీలో నోరు తెరిపించి టార్చి వేస్తే కనిపించేవి. తీయాలనుకుంటే ముందు రోజే చెప్పొచ్చు. ‘ఇంకేదైనా అవసరమని తోస్తే చేయవచ్చు’ అని ఫారంలో అచ్చు వేసిన లైను ఒకటి ఉంటుంది, దాన్ని చూపిస్తారు. ఆ లైను ఉన్నంత మాత్రాన ఏదైనా చేసేయడానికి అనుమతి ఇచ్చినట్టు కాదు.

అయితే మీ కేసు మొత్తం ఒకే ఒక్క మాట మీద తలకిందులు కావచ్చు. ఆ ఫారంలో ఆపరేషన్ పేరు దగ్గర ‘అడినాయిడెక్టమీ’ (అడినాయిడ్స్ మాత్రమే తీయడం) అని ఉందా, ‘అడినోటాన్సిలెక్టమీ’ (టాన్సిల్స్ కూడా కలిపి తీయడం) అని ఉందా? రెండోది ఉంటే మీరు చదవకుండానే టాన్సిల్స్‌కు కూడా ఒప్పుకున్నారని వాళ్లంటారు. అప్పుడు మీ వాదన మారాలి: ‘పేరు రాశారు సరే, నాకు అర్థమయ్యేలా చెప్పారా? ఏడుస్తున్న పిల్లాడితో ఓటీ తలుపు దగ్గర ఇంగ్లిషు కాగితం చేతిలో పెట్టడం చెప్పడమవుతుందా?’ అని. ఇది కాస్త కష్టమైన వాదనే, కానీ నిలబడని వాదన కాదు. సమాచారం ఇవ్వకుండా తీసుకున్న అంగీకారం అంగీకారమే కాదని సమీరా కోహ్లీ తీర్పులోనే ఉంది. కాపీ వచ్చాక ఆ ఒక్క మాట వేరే పెన్నుతో ఉందా, మీ సంతకం తర్వాత ఇరికించినట్టు ఉందా అన్నది కూడా చూడండి. అలాంటివి చూశాను కాబట్టే చెబుతున్నాను.

ఆపరేషనే తప్పుగా చేశారని మాత్రం అనకండి. గురక పెట్టే పిల్లలకు రెండూ కలిపి తీయడం ఈఎన్‌టీ డాక్టర్లు మామూలుగా చేసేదే. టాన్సిల్స్ తీశాక వారం, పది రోజులు మింగడం కష్టం కావడం కూడా సహజమే. ఆ దారిలో వెళ్తే ఓడిపోతారు. మీ ఫిర్యాదు రెండు విషయాలకే ఉండాలి: అడగకుండా చేశారు, అడగకుండా చేసినదానికి 23 వేలు ఎక్కువ వేశారు. పోలీస్ స్టేషన్‌కు అసలు వెళ్లొద్దు. డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రంగా ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

కేసు వేయాల్సి వస్తే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, నాంపల్లిలో. మీరు నివసించే చోటే వేసే వీలు 2019 చట్టం ఇచ్చింది. మీరు చెల్లించింది ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఆపరేషన్ జరిగిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. బాబే కాదు, మీరు కూడా వినియోగదారులే. 1998లో స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో పిల్లాడికి 12.5 లక్షలు, తల్లిదండ్రుల మానసిక వేదనకు విడిగా 5 లక్షలు ఇచ్చారు. అక్కడ పిల్లాడి జీవితమే దెబ్బతింది కాబట్టి అంత మొత్తం మీరు ఆశించకండి. డాక్టర్ల కేసుల్లో ప్రతిసారీ ఇంకో డాక్టరు సాక్ష్యం తేవాల్సిన పని లేదని 2010లో మన హైదరాబాద్ నుంచి వెళ్లిన కిషన్‌రావు కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. సంతకం గొడవకు అసలే అక్కర్లేదు.

నిజం చెప్పాలంటే, సమీరా కోహ్లీ ఆపరేషన్ 1995లో జరిగింది. 2008లో ఆమెకు దక్కింది 25 వేలు, డాక్టరు ఫీజు కట్టనక్కర్లేదన్న ఆదేశం. మూడు నెలల్లో తేల్చాలని ఇప్పటి చట్టంలో రాసుంది. అది ఎంతవరకు జరుగుతుందో నాంపల్లిలో మెట్లెక్కిన వాళ్లనెవరినైనా అడగండి. అందుకే మీ స్థానంలో నేనైతే ముందు ఆ 23 వేలు వెనక్కివ్వమని, టాన్సిల్స్ ఎందుకు తీశారో రాతపూర్వకంగా చెప్పమని నోటీసు ఇస్తాను. చాలాసార్లు విషయం అక్కడే తెగిపోతుంది. తెగకపోతే కమిషన్ ఎలాగూ ఉంది. డాక్టరు మీద చర్య కావాలంటే తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు విడిగా రాయొచ్చు. కౌన్సిల్ హెచ్చరించగలదు, కొంతకాలం ప్రాక్టీసు ఆపగలదు, డబ్బు ఇప్పించలేదు.

వీటన్నిటికంటే ముందు రికార్డులు. కేస్ షీట్, కన్సెంట్ ఫారం, ఓటీ నోట్స్, మత్తు డాక్టరు నోట్స్, విడివిడిగా రాసిన బిల్లు, అన్నిటి కాపీలూ కావాలని తెలుగులోనే అరపేజీ రాయండి. అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నిబంధనల్లో ఉందన్న వాక్యం చేర్చండి. మీవారు సెలవు పెట్టి రానక్కర్లేదు, మీరే సంతకం పెట్టి రెండు కాపీలు తీసుకెళ్లండి. ‘మేం తీసుకోం’ అంటే గొడవ పడకుండా వచ్చేసి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. తీసుకుంటే మాత్రం రెండో కాపీ మీద ఆసుపత్రి ముద్ర, తేదీ, టైము వేయించుకోండి. 72 గంటలు అక్కడి నుంచే లెక్క.